ఎండలో రెక్కలు విప్పిన కొంగ

పెళ్ళయిన రెండేళ్ళలో మా ఆయన నన్ను ఊరు దాటించి చూపించిన మొదటి చోటు తేలినీలాపురం. అదీ నా కోసం కాదు. ఆయన మేనత్త కూతురు, డిగ్రీ చదువుతున్న సంధ్య అక్కడి పక్షుల్ని చూడాలంది, కాబట్టి కదిలాం.

శ్రీకాకుళంలో ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నర దాటాక టెక్కలిలో దిగాం. అక్కడి నుంచి రానూపోనూ ఆటోకి నాలుగు వందలు. సంధ్య, ఆయన పక్కపక్కన కూర్చున్నారు. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేనో మూల. "అవి పిట్టలు కావమ్మా, మా ఊరి ఆడపిల్లలు. పురిటికొచ్చినారు. గోల సెయ్యకండి," అన్నాడు ఆటో నడిపే పెద్దాయన.

చింతచెట్ల నిండా కొంగలూ గూడబాతులూ. ఇంకా చలి వదల్లేదు. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. "రెండో కాలు ఈకల్లో దాసుకుంటాది బావా, వెచ్చదనం పోకుండా," అంది సంధ్య. ఎండెక్కాక గూడబాతు గొంతు కింది సంచిని వణికిస్తుంటే, "అలా ఒళ్ళు సల్లబరుసుకుంటాది," అంది. రెండూ నిజమేనని ఆటో పెద్దాయన తలూపాడు. "నీకెన్ని తెలుసే!" అని మా ఆయన మురిసిపోయారు. ఉన్న ఒక్క బైనాక్యులర్ వాళ్ళిద్దరి చేతులే మారుతోంది. ఐదో తరగతితో బడి మానేసిన నాకు కడుపు మండిపోయింది.

పదకొండు దాటింది. గూట్లో ఒక కొంగ వీపు ఎండకిచ్చి, రెక్కలు రెండూ విప్పి కదలకుండా నిలబడింది.

"తడిసిన రెక్కలు ఆరబెట్టుకుంటన్నాది బావా. నీటికాకులూ ఇంతే."

కాదనిపించింది. కానీ తప్పయితే ఇంటిదాకా నవ్వుతారు. ఊరుకుంటే ఆయన లెక్కలో నేను పులిహోర మోసుకొచ్చిన మనిషినే.

"ఆరబెట్టుకోడం కాదు," అనేశాను. "దాని కింద సూడండి."

"కింద ఏటుంటాది?" అంటూ ఆయన బైనాక్యులర్ ఎత్తారు. చాలాసేపు దించలేదు. "ఓలమ్మ! నీడలో మూడు పిల్లలే!"

"పొద్దు తిరిగితే తల్లీ తిరుగుతాది బాబూ," అన్నాడు పెద్దాయన.

సంధ్య ముఖం చిన్నబోయింది. నాకు హాయిగా అనిపించింది, దాచను.

"నీకెలా తెలిసిందే?" అని ఆయన నన్నడిగారు.

"మన పెరట్లో కోడిపెట్ట రోజూ సేసే పనే కదండీ. మీరెప్పుడు సూసినారని?"

ఆయన బైనాక్యులర్ నా చేతిలో పెట్టారు.

తిరుగు ఆటోలోనూ సంధ్యే ఆయన పక్కన కూర్చుంది. నా అసూయ ఆ చెట్ల కిందే వదిలొచ్చానని అబద్ధం చెప్పను. ఒక పక్షి ఎందుకలా నిలబడిందో తెలియాలంటే అది ఎవరికి కాపు కాస్తోందో చూడాలని మాత్రం అర్థమైంది. ఈసారి పులిహోర డబ్బా ఆయన ఒళ్ళో ఉంది.

మీరు వెళితే ఎండెక్కేదాకా ఆగండి, తల్లులు రెక్కలు విప్పేది అప్పుడే. బైనాక్యులర్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి.