అమ్మ చదివితేనే రాసే పిల్ల

2022, మణుగూరు. బొగ్గు గనోళ్ల కాలనీ వెనక సందులో మా ఇల్లు. ముందుగదిలో నాలుగు బెంచీలు, ఒక బోర్డు. బడి మానేసి ఇంట్లనే చదువుకునే పిల్లల్ని ఓపెన్ టెన్త్‌కు తయారు చెయ్యడం నా పని. ఆదివారం మాత్రం నేను స్కౌట్స్ అండ్ గైడ్స్‌ల గైడ్ కెప్టెన్‌ని. మాది ఓపెన్ కంపెనీ, అంటే ఏ బడికీ చెందని ఆడపిల్లల జట్టు. ఇన్నేండ్లల్ల ఎంతమందినో చూసిన గానీ, నిఖిత సంగతి యాదికొస్తే ఇప్పటికీ నా మనసు నిలకడగ ఉండదు.

నిఖితకు పదిహేనేండ్లు. లాక్‌డౌన్ అయినంక బడికి పొమ్మంటే గేటు కాడనే వాంతులు చేసుకునేది. దవాఖానల చుట్టూ తిప్పిన్రు, రోగమేం లేదన్నరు. తల్లి సరోజ డిగ్రీ చదివింది. "నా బిడ్డకు నేనే చెప్పుకుంట" అని ఇంట్ల కూసోబెట్టుకుంది. తండ్రి రాజేందర్ గనిల డంపర్ నడుపుతడు. కొన్నాళ్లు ఓపిక పట్టిండు. చివరికి ఓ పొద్దున డ్యూటీ దిగి సీదా మా ఇంటికే వచ్చిండు, తల్లీబిడ్డల్ని ఎంటబెట్టుకొని.

"మేడం, మీ దగ్గర కూడా చదవనియ్యుర్రి. ఈసారి టెన్త్ తప్పితే మాత్రం ఖమ్మంల హాస్టల్ల ఏస్త. ఇద్దరూ తలుపేసుకొని కూసుంటే ఎన్నొద్దులు నడుస్తది?"

హాస్టల్ అనంగనే పిల్ల తల్లి కొంగు పట్టుకుంది. ఆ చెయ్యి చూస్తే నా ప్రాణం ఉసూరుమన్నది.

పిల్లకు చదువు రాదా అంటే, అయ్యో, బ్రహ్మాండంగ వచ్చు! నేను సైన్స్‌ల ఏదడిగినా టకటక చెప్పేది. ఆదివారం గైడ్స్‌ల చేర్చుకున్న, అక్కడ కూడా అంతే. ఒక్కో పని నేర్చుకొని చేసి చూపిస్తే ఒక్కో బ్యాడ్జి ఇస్తం, లాగ్‌బుక్‌ల రాసి కెప్టెన్ సంతకం పెట్టాలె. నిఖిత లాగ్‌బుక్ నిండా నా సంతకాలే. కట్టెలకు తాడు ముడులేసి స్టాండ్ కట్టే పయనీర్ బ్యాడ్జి పరీక్షప్పుడు సరోజ పక్కనే ఉన్నది. "ఎడమ దిక్కు కిందికెళ్లి తియ్యి బిడ్డా" అన్నది ఒకటి రెండుసార్లు. తల్లి గదా అని నవ్వి సంతకం గీకిన.

పరీక్షలు ఇంకో మూడు వారాలున్నయనంగ మా ఇంట్ల మాక్ ఎగ్జామ్ పెట్టిన, అసలు పరీక్ష లెక్కనే. సోషల్ పేపర్ చేతికిచ్చి నేను వంటింట్లకు పోయిన. అరగంటకు వచ్చి చూస్తే జవాబు పేపర్ ఖాళీ. పెన్ను మూత కూడా తీయలే.

"ఏమైంది బిడ్డా? రావా ఇవి?"

"వస్తయ్ మేడం."

"మరి రాయవేంది?"

"మీరు సదవలే గద."

నాకు సమజ్ కాలే. మెల్లగ అడిగితే తెలిసింది. ఇంట్ల సరోజ రొట్టెలు చేసుకుంటనో, బియ్యం ఏరుకుంటనో ప్రశ్న పైకి చదువుతదట, ఆ తర్వాతనే ఈ పిల్ల రాస్తదట. "అమ్మ ఏ మాట దగ్గర ఆగుతదో అదే ముఖ్యం మేడం. తప్పు రాస్తుంటే అమ్మ ఊపిరి ఇట్ల పెద్దగ ఇడుస్తది, నేను కొట్టేసి మళ్ల రాస్త" అని ఎంత మామూలుగ చెప్పింది! ఆ చిన్న ప్రాణికి అది తప్పని కూడా తెల్వదు. ప్రశ్న తనంతట తాను చదివి, ఏమడిగిన్రో తేల్చుకోవుడు ఒక్కనాడు కూడా చెయ్యలే. నేను మాత్రం తక్కువ తిన్ననా? నేను కూడా అన్నీ నోటితోనే అడిగిన.

ఆ రోజు అన్నం సయించలే. పొద్దుగూకేదాకా వరండాల అటూ ఇటూ తిరిగిన. ఆఖరికి నిఖిత లాగ్‌బుక్ తీసి, తల్లి పక్కనుండంగ పెట్టిన సంతకాలన్నీ కొట్టేసిన. మే నెలల, బ్యాడ్జీలన్నీ పూర్తి చేసిన గైడ్స్‌కు రాష్ట్రం ఇచ్చే పురస్కారానికి టెస్టింగ్ క్యాంప్ ఉండె. ఆ సంతకాలు లేకుండ పిల్ల ఇగ దానికి పోనీకి లేదు.

సరోజ లాగ్‌బుక్ చూసి మండిపడ్డది. "ఇన్నొద్దుల కష్టం మేడం! గీతలు కొట్టనీకి మీకు చెయ్యెట్ల వచ్చింది?"

"తప్పు నాది. తెల్వక పెట్టిన సంతకాలు" అన్న. "ఇప్పుడు నువ్వొక పని చెయ్యాలె. రేపటి సంది పిల్ల మా ఇంట్ల మాక్ పేపర్లు రాసే మూడు గంటలు నువ్వు దగ్గర్ల ఉండొద్దు."

"ఏడికి పోవాలె?"

"ఏడికన్న పో."

పాపం, పోయింది. ఎర్రటెండల కాలనీ చుట్టూ తిరిగేది, మార్కెట్‌ల కూరగాయలు బేరమాడి కొనకుండనే వచ్చేది, మళ్ల మా గేటు కాడ నిలబడేది. నేను చెయ్యూపి ఎల్లగొట్టేది. లోపల నిఖిత మొదటి పేపర్ ఏడుసుకుంటనే రాసింది, సగం తప్పులు. నాలుగోదానికి ఏడుపాపింది. ఒకనాడు నన్నే, "మీరు కూడా బయటికి పోతరా మేడం? మీ గాజుల సప్పుడుకు తలెత్తబుద్ధయితంది" అన్నది. నేను కూడా చెప్పులేసుకొని బయటపడ్డ. గేటవతల సరోజ, నేను ఒకరి మొకం ఒకరు చూసుకుంట నిలబడ్డం.

అసలు పరీక్షలు రాసింది, ఫలితాలొచ్చినయ్. అన్నిట్ల పాసైంది, లెక్కల్ల అంచు మీద. రాజేందర్ మిఠాయి డబ్బా తెచ్చి, "హాస్టల్ మాట ఇగ ఎత్తను మేడం, కొత్తగూడెంల బస్సుకు పోయొచ్చే కాలేజీ చూస్త" అన్నడు. సరోజ కండ్లు తుడుసుకుంది.

వారం తిరగకముందే సరోజ ఒక్కతే ఉరుకుంట వచ్చింది. నిఖిత ఇంటర్‌కు ఖమ్మం హాస్టల్‌కే పోతనంటున్నదట. ఎవరూ ఎయ్యలే, తనకు తానే. అక్కడి గైడ్స్‌ల చేరి బ్యాడ్జీలన్నీ మొదటి నుంచి చేసుకుంటదట.

అప్పటి నుంచి ఏ పిల్లొచ్చినా మొదటి రోజే పేపర్ చేతికిచ్చి గదిలకెళ్లి బయటికొస్త. లోపలేమైతున్నదో తెల్వక బయట నిలబడుడు కూడా నా పనిల భాగమే అని ఆ ఏడు నేర్చుకున్న, ఇంకా అలవాటు కాలే.

ఆ హాస్టల్ కబురు తెచ్చిన రోజు సరోజ నా బెంచీ మీద కూలబడి ఎక్కెక్కి ఏడ్చింది. "గిందుకేనా మేడం, పానమంతా పెట్టి ఇంట్ల కూసోబెట్టుకొని సదివించింది?"

పక్కన కూసొని ఆమె చెయ్యి పట్టుకున్న.

"అవ్ సరోజా, గిందుకే."