బుల్లెట్ చప్పుడు, అత్తగారి కాఫీ

మొన్న ఉదయం బెజవాడ పటమటలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఎదురింటి కుర్రాడు కొత్త బుల్లెట్ తెచ్చుకున్నాడు. వాళ్ళమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. ఇప్పటి బుల్లెట్లని కిక్కు కొట్టి బతిమాలనక్కర్లేదు, మీట నొక్కితే చాలు. నొక్కాడు. డుగ్‌డుగ్‌మని వీధంతా నిండిపోయింది. నేను పేపరు దించి, "కాఫీ పెడుతున్నావా?" అని లోపలికి కేకేశాను. "ఇప్పుడేగా తాగారు!" అంటూ మా ఆవిడ బయటికి వచ్చింది. ఎదురింటి వైపు చూసి, "ఓహో, అదా సంగతి" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. బుల్లెట్‌కీ కాఫీకీ ఉన్న సంబంధం ఆవిడకి తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

డెబ్బైల్లో నేను బెజవాడలో ఆయిల్ ఇంజన్ల విడిభాగాలు అమ్మే కొట్టులో పనిచేసేవాణ్ణి. చేలకి నీళ్ళు తోడే ఇంజన్ల కోసం ఊళ్ళు తిరిగి ఆర్డర్లు తేవటం నా పని. అందుకని ఒక చిన్న మోటారు సైకిలు కొనుక్కున్నాను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే నీలం పొగ వదులుతూ, పటపటమంటూ, ఏ కాలవ గట్టు మీదైనా పోయేది. చదువు పదో తరగతితోనే ఆగిపోయింది గాని, దాన్ని లైబ్రరీ నిలబెట్టింది. సాయంత్రం కొట్టు కట్టేశాక అక్కడికెళ్ళి, లైబ్రేరియన్ ఫ్యాను కట్టేసేదాకా కదిలేవాణ్ణి కాదు. చరిత్ర, ఖగోళం, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది. అట్లాసులో ఏ దేశం ఏ పేజీలో ఉందో చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఎక్కడ అచ్చు కాగితం కనిపించినా కళ్ళు దాని మీదికి పోయేవి. పకోడీలు తినేసి పొట్లం చదివేవాణ్ణి.

మా అత్తవారిది కూచిపూడి దాటాక కాలవ గట్టున ఉన్న పల్లెటూరు. ఇద్దరే కూతుళ్ళు. నేను పెద్దల్లుణ్ణి. నాలుగేళ్ళు ఏకైక అల్లుడిగా ఏలాను. తరవాత మా మరదలికి పెళ్ళయింది. గుడివాడ వైపు ధాన్యం వ్యాపారం చేసుకునే మా తోడల్లుడు బుల్లెట్ మీద దిగాడు. ఆరడుగుల మనిషి, గట్టి నవ్వు. నన్ను "అన్నయ్యగారూ" అని నోరారా పిలిచేవాడు. చెడ్డవాడైనా బాగుండేది. మంచివాడి మీద అసూయపడటం చాలా కష్టమైన పని, తిట్టుకోవటానికి ఏమీ దొరకదు.

అసూయ కడుపులో ఉంటుందంటారు. నాకు చెవుల్లో ఉండేది. కాలవ మలుపు దగ్గర ఆ డుగ్‌డుగ్ వినపడగానే మా అత్తగారు చేతిలో పని వదిలేసి పాలు పొయ్యి మీద పెట్టేది. బండి వాకిట్లోకి వచ్చి స్టాండు వేసేసరికి కాఫీ గ్లాసు గుమ్మంలో ఉండేది. కొత్తగా వేయించిన గింజల డికాక్షను, పైన ఇంత నురగ. నేను వెళ్ళినప్పుడో? నా బండి పటపటలు కూడా ఆ మలుపు దగ్గరనుంచే వినపడేవి. చెంబుతో మంచినీళ్ళు వచ్చేవి. కాఫీ మాత్రం నేను పంచలో పడక్కుర్చీలో కూర్చుని, మామగారు దాచిపెట్టిన పేపర్లన్నీ చదవటం అయ్యాక గాని వచ్చేది కాదు. చిన్న బండికి చిన్న మర్యాద అనుకున్నాను. మనసులో ఒకసారి అనుకుంటే ఇంక ప్రతిదీ అలాగే కనిపిస్తుంది. బంతిలో గారె ముందు తోడల్లుడి ఆకులో పడ్డట్టూ, నా ఆకులో పడ్డది కాస్త మాడినట్టూ.

చేతకానివాడు చేసే పనే చేశాను, లైబ్రరీకెళ్ళి చదివాను. మోటారు యంత్రాల మీద లావుపాటి పుస్తకం ఒకటి దొరికితే ఆ బుల్లెట్ గుట్టంతా పట్టేశాను. మరుసటిసారి భోజనాల దగ్గర, ఆ ఇంజను నాలుగు దశల్లో ఎలా పనిచేస్తుందో, ఆ చప్పుడు నిదానంగా ఎందుకొస్తుందో పప్పు కలుపుతూ వివరించాను. తోడల్లుడు ముద్ద ఆపి శ్రద్ధగా విన్నాడు.

"అంత కథ ఉందా అన్నయ్యగారూ! నాకేం తెలీదండీ. ఎక్కుతా, తంతా, పోద్ది" అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కొట్టుకి వచ్చే ఒకాయన తన బుల్లెట్ అమ్ముతానన్నాడు. నా బండి తీసుకుని, పైన కొంత ఇస్తే చాలన్నాడు. ఆ పైన ఇచ్చేది ఒక్కచోటే ఉంది, పటమటలో ఇంటి స్థలం కోసం మేం కూడబెట్టుకుంటున్న దాంట్లో. అప్పటికి పటమట అంటే సగం పొలాలే. ఆ పొలాల్లోనే మా ఆవిడ అప్పటికే వంటిల్లు ఎటు ఉండాలో, కరివేపాకు ఎక్కడ నాటాలో అనుకుని పెట్టుకుంది. బండి సంగతి చెబితే "మీ ఇష్టం" అంది. పెళ్ళయినవాళ్ళకి ఆ మాట బరువు తెలుసు. వారంలో ఏ సంగతీ చెబుతానని ఆయనకి మాటిచ్చాను.

ఆ వారంలోనే మా తోడల్లుడు పనిమీద మద్రాసు వెళ్తూ బుల్లెట్ మా ఇంటి ముందు పెట్టి, తాళంచెవి నా చేతికిచ్చాడు. "రెండ్రోజులు వాడుకోండి అన్నయ్యగారూ, ఊరికే ఉంటే పాడైపోద్ది" అన్నాడు. ఆదివారం మా ఆవిణ్ణి వెనక ఎక్కించుకుని బందరు రోడ్డు పట్టాను. ఉయ్యూరు, పామర్రు దాటేదాకా రాజసమే. చెట్ల కింద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నేను మాత్రం తిప్పలేదు. కాలవ గట్టు మీద ఎదురుగా గడ్డిబండి వచ్చింది. కంగారులో నా బండే అనుకుని, బ్రేకు కోసం కుడికాలితో గట్టిగా తొక్కాను. నా బండికి బ్రేకు అక్కడే. ఆ బుల్లెట్‌కి అక్కడ ఉన్నది గేరు, బ్రేకు ఎడమకాలికి. నేను చదివిన పుస్తకంలో ఇంజను లోపల జరిగేదంతా ఉంది గాని, బ్రేకు ఏ కాలికో రాయలేదు. "ఆపండీ, ఏవండీ, ఆపండీ!" అని మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగుతుండగానే వెళ్ళి గడ్డిలో దూరాం.

బండివాడు ఎడ్లని నిలబెట్టి, తీరిగ్గా చూసి, "గడ్డి కావాలంటే అడగొచ్చు గదండీ, ఇస్తాంగా" అన్నాడు.

దెబ్బలేం తగల్లేదు. దులుపుకుని మళ్ళీ ఎక్కాం. మలుపు తిరిగాం. డుగ్‌డుగ్‌లు మాకంటే ముందు వాకిట్లోకి వెళ్ళాయి. స్టాండు ఇంకా వెయ్యలేదు, అత్తగారు పొగలు కక్కే గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసింది. నన్ను చూసి ఆగింది.

"అయ్యో, మీరా బాబూ!"

ఆ 'మీరా' అన్నది నాకు గడ్డికంటే గట్టిగా గుచ్చుకుంది. నెత్తిన గడ్డిపరకలతోనే అనేశాను, "నేనేనండీ. బండి మారితేగాని కాఫీ దొరకదని ఇది వేసుకొచ్చాను. నా బండి మీద వస్తే పేపరు అయ్యేదాకా రాదుగా!"

నవ్వుతూ అన్నాననుకున్నాను. నవ్వులా లేదని మా ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. అత్తగారు మాత్రం నొచ్చుకోలేదు, ఆశ్చర్యపోయింది.

"మరి మీరు పేపరు అయ్యేదాకా తాగరు గదా బాబూ? పెళ్ళయిన కొత్తల్లో రాగానే ఇచ్చేదాన్ని. మీరు పేపర్లో తల దూర్చి కూర్చునేవారు. అది చల్లారి మీగడ కట్టేది, ఒకసారి ఈగ పడింది. పిలిస్తే చదువు చెడుద్దేమోనని పిలవలేదు. అప్పట్నించీ మీరు ఆఖరి కాయితం తిప్పిన చప్పుడు వినపడ్డాకే పాలు పెడుతున్నా. చిన్నల్లుడుగారికేం, చదువా పాడా! దిగీ దిగకముందే కాఫీ అని కేకేస్తారు."

ఆవిడ చేతిలో గ్లాసు అందుకుని తాగాను. తోడల్లుడి కోసం కలిపింది, పానకంలా ఉంది. ఇన్నేళ్ళూ నేను ఈ కాఫీ కోసమా ఏడ్చింది అనిపించింది. మామగారు పంచలోంచి, "ఈసారి పదిరోజులవి దాచానయ్యా" అంటూ పేపర్ల కట్ట చూపించారు. వెళ్ళి పడక్కుర్చీలో కూర్చున్నాను. చదువుతున్నట్టే ఉంది గాని, చెవులు మాత్రం వంటింట్లో ఉన్నాయి. ఆఖరి పేజీ కావాలని కాస్త మెల్లగా తిప్పాను. అంత మెల్లగా తిప్పినా, లోపల గిన్నె పొయ్యెక్కిన చప్పుడు వినపడింది.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దగ్గర మా ఆవిడ, "కొనుక్కోండి గాని, బ్రేకు ఏ కాలికో ముందు లైబ్రరీలో కనుక్కోండి" అంది. మర్నాడే బండి అమ్ముతానన్న పెద్దమనిషికి వద్దని కబురు పెట్టాను. పెట్రోలు ధర మండిపోతోంది గదా అని కారణం చెప్పాను. అదీ నిజమే. స్థలం కొన్నాం. నాది ముందుచూపని అందరూ మెచ్చుకుంటే కాదనలేదు.

అసూయ మాత్రం అంతటితో పోయిందనుకోకండి. కాఫీ సంగతి తేలినా బుల్లెట్ బుల్లెట్టే. పెళ్ళిళ్ళలో పిల్లలంతా దాని చుట్టూ మూగి, నా బండిని ఆనుకుని నిలబడి దాన్ని చూస్తుంటే కుళ్ళుకునేవాణ్ణి. కొన్నేళ్ళకి తోడల్లుడు నడుం నొప్పని దాన్ని అమ్మేసి, అత్తవారింటికి బస్సులో వచ్చాడు. మలుపు దగ్గర ఏ చప్పుడూ లేదు. చేతిసంచితో నడిచొచ్చి, అరుగు మీద నా పక్కన కూలబడి, "ఆ సినిమా పేజీ ఇటివ్వండి అన్నయ్యగారూ" అన్నాడు. ఎంతో సంతోషిస్తాననుకున్న రోజు అది. తీరా చూస్తే, నావాళ్ళెవరో తగ్గిపోయినట్టు అనిపించింది. పేపరు చెరో సగం చేసుకున్నాం. ఆ రోజు కాఫీ ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

ఎదురింటి కుర్రాడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వీధి మళ్ళీ మామూలైంది. అత్తగారు లేదు, ఆ పంచ లేదు, తోడల్లుడు కూడా పోయాడు. నేను ఆఖరి పేజీ తిప్పాను, అలవాటు కొద్దీ మెల్లగా. చప్పుడు చేస్తూ వెళ్ళిన ఏళ్ళని అప్పుడే విన్నాను. చప్పుడు లేకుండా నా పేపరు అయ్యేదాకా కనిపెట్టుకుని ఉన్న ఏళ్ళు ఇప్పుడిప్పుడే వినపడుతున్నాయి.