సూరాయమ్మ ఉద్యోగం

సూరాయమ్మ నా యూనిఫాం అడిగిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నైట్ డ్యూటీ దిగి పడుకున్నదాన్ని, సాయంత్రం నాలుగింటికి తలుపు బాది మరీ లేపింది. శుక్రవారం సాయంత్రం ఆవిడకు సెలవు. చర్చికి వెళ్తూ కువైట్ అబ్బాసియాలో మా ఫ్లాటు ముందు ఆగడం అలవాటే. చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులో ‘మామా’ అని తను పిలిచే యజమానురాలి ఇంట్లో మధ్యాహ్నం మిగిలిన మాంసం అన్నం. అదీ మామూలే. అడిగిన మాటే మామూలుది కాదు.

“అమ్మాయ్, నీ డ్యూటీ బట్టలు ఓ జత ఇయ్యవా? ఆ చెవుల్లో పెట్టుకునేది కూడా. ఫొటో తీయించుకోవాలి” అంది.

సూరాయమ్మకు యాభై రెండేళ్ళు. మాది, ఆవిడది ఒకే వైపు, పశ్చిమ గోదావరి. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. నేను క్రిస్టీనాను, ఇక్కడ ఒక ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సును. వంటమనిషికి స్టెతస్కోపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

“ఎందుకక్కా? నాటకం వేస్తున్నావా?”

“నాటకం కాదమ్మాయ్. కెజియా కాలేజీవోళ్ళు అడిగేరు. అమ్మ పని చేసేచోట ఫొటో తీసి పంపాలంట.”

“అయితే వంటింట్లో నిలబడి తీయించుకో.”

సూరాయమ్మ డబ్బా మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. అప్పుడు చెప్పింది. కూతురు కెజియాను నాలుగేళ్ళ వయసులో తన తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కేటప్పుడు, ఆసుపత్రిలో ఉద్యోగమని అందరికీ చెప్పి వచ్చిందట. మొదట ఆయా అంది. ఏడాది తిరిగేసరికి దానంతటదే నర్సయింది. భర్త అప్పటికే పోయాడు, అడిగేవాడు లేడు. పద్దెనిమిదేళ్ళుగా కూతురు, పేట, పాస్టరుగారు, అందరి లెక్కలోనూ సూరాయమ్మ కువైట్‌లో నర్సు.

నాకు మత్తు వదిలిపోయింది. ఒక్కొక్కటే గుర్తొస్తోంది. ప్రతి శుక్రవారం “ఈ వారం మీ వార్డులో ఏమైందమ్మాయ్?” అని కూర్చునేది. పాపం, వంటింటి గోడలు తప్ప ఏమీ చూడని మనిషి, నా కబుర్లు వింటే ఆమెకు కాలక్షేపం అనుకున్నాను. డ్యూటీలో ఉండగా ఫోన్ చేసి, చిన్నపిల్లలకు వచ్చే షుగరుకీ పెద్దవాళ్ళకు వచ్చే షుగరుకీ తేడా ఏమిటని అడిగేది. మందు గొట్టంలో గాలిబుడగ ఉంటే ఏం చేయాలని అడిగేది. తెలుసుకోవాలన్న ఆశ ఎంత ఉందో అని ముచ్చటపడి, డాక్టరుగారు వెనక నిలబడి గుర్రుగా చూస్తున్నా ఓపిగ్గా చెప్పేదాన్ని. అవన్నీ కెజియా తన పాఠాల్లో డౌట్లని తల్లిని అడిగినవి. నేను చెప్పింది చెప్పినట్టు రాత్రికి తన అనుభవంగా అప్పజెప్పేదట ఈ మహాతల్లి.

“అంటే పోయినేడాది నేను పురుడు పోసిన కవలపిల్లలు?”

“నేను పోసేనని చెప్పేను” అంది తల వంచుకుని.

“దేవా! సెలవుకెళ్ళినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదా?”

“బీపీ మిషను కొనుక్కెళ్ళేను. పేటలో అందరికీ చూసేదాన్ని.”

“చూడ్డం వచ్చా నీకు?”

“రాదు. అందరికీ బాగుందనే చెప్పేనులే.”

నేను నెత్తి కొట్టుకున్నాను. ఎవడికైనా నరం చిట్లి చచ్చుంటే ఏం చేసేదానివని అరిచాను. పక్క గదిలో మలయాళీ అమ్మాయి తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకుంది. ఇంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. కెజియా చదివింది నర్సింగే. అమ్మలా నర్సునవుతానని ఏడో తరగతిలోనే అందట. నాలుగేళ్ళ క్రితం ‘నువ్వు చదివిన కాలేజీ ఏదమ్మాయ్’ అని సూరాయమ్మ అడిగితే, పేరు చెప్పి అప్లికేషన్ కూడా నేనే నింపాను. ఇంటి మనిషేనన్న ధీమాతో, నేను ఖాళీగా వదిలిన తల్లి ఉద్యోగం గడిలో కెజియా ఏం రాసిందో చూడలేదు.

మా కాలేజీ సంగతి చెప్పాలి, లేకపోతే ఈ ఫొటో గొడవ అర్థం కాదు. మాల, మాదిగ పిల్లల్ని ఊరి బడి వరండా దాటనివ్వని రోజుల్లో, ఒక మిషనరీ దొరసాని పదకొండు మంది ఆడపిల్లల్ని తాటాకు పాకలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అదే పెరిగి కాలేజీ అయింది. ఇప్పుడు ఎనిమిది వందల కుర్చీల హాలు కట్టారు గానీ దాన్ని ఇప్పటికీ పాక అనే అంటాం. పట్టాలిచ్చే రోజున ప్రతి పిల్లా పట్టా అందుకునే ముందు మైకు దగ్గర ఆగి, అమ్మమ్మ పేరు, అమ్మ పేరు, వాళ్ళు చేసిన పని చెప్పాలి. మన వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ రాయలేదు కాబట్టి మీ నోటితో మీరే చెప్పండని మొదటి ప్రిన్సిపాలమ్మ పెట్టిన ఆనవాయితీ. ఆ రోజు పాక గోడ నిండా పని చేస్తున్న తల్లుల ఫొటోలు ఉంటాయి.

అలాంటి గోడ మీద దొంగ ఫొటోనా? నేను ఇవ్వనన్నాను. “కూతురికి నిజం చెప్పు. పట్టాల రోజుకు ఇంకా నెల ఉంది. రేపు ఆ పిల్ల ఉద్యోగానికి ఇక్కడికే వస్తే, ఏ ఆసుపత్రి చూపిస్తావు?”

“అప్పుడు చూద్దాంలే.”

“ఏం చూద్దాం! వంట చేయడం తప్పా?”

సూరాయమ్మకు కోపం వచ్చింది. పన్నెండేళ్ళలో నేను చూడని కోపం. “తప్పు కాదని నీకు తెలుసు, నాకు తెలుసు. అరబ్బు ఇంట్లో పనికెళ్ళిన ఆడదాన్ని మన పేటలో ఏమంటారో ఎప్పుడన్నా విన్నావా? మా వీధిలో చిట్టెమ్మ కూతురికి వచ్చిన సంబంధం ఆ మాట మీదే చెడిపోయింది. తల్లి అక్కడ ఏం చేసిందో ఎవడికి తెలుసని మొహమ్మీదే అన్నారు. ఆ మాట నా పిల్ల వినకూడదనే నర్సునయ్యేను.” ఊపిరి తీసుకుని, మెల్లగా అడిగింది. “సరేగానీ, నీ రోజున మైకు దగ్గర నువ్వేం చెప్పేవమ్మాయ్?”

అది నీకెందుకన్నాను. 

మా అమ్మ టౌన్లో గవర్నమెంటు ఆసుపత్రిలో వార్డులు ఊడ్చేది, మంచాల కింద పాన్లు కడిగేది. పదహారేళ్ళ క్రితం నేను మైకు ముందు నిలబడి ‘ఆసుపత్రి ఉద్యోగిని రూతమ్మ కూతుర్ని’ అన్నాను. నా కుర్చీ వెనక వరసలో హాస్టల్ స్నేహితురాలి అన్నయ్య, ఇంజనీరు, కూర్చున్నాడు. అంతే కారణం. అతను ఎవర్ని చేసుకున్నాడో కూడా నాకు తెలీదు. మూడో వరసలో మా అమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, “ఊడుస్తాదని చెప్పాల్సిందే” అంది. ఇంకేమీ అనలేదు. ఆమె పోయి ఏడేళ్ళయింది. ఇదంతా సూరాయమ్మకు ఎప్పుడో దుఃఖంలో నేనే చెప్పాను. తెలిసే అడిగింది, గడుసుది.

ఇంక ఏ మొహం పెట్టుకుని కాదంటాను? బీరువా తీసి ఒక జత ఇచ్చాను.

చొక్కా భుజాల దగ్గర పట్టేసింది. హాల్లో తెల్లగోడ ముందు నిలబెడితే, రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, మామా పిలిస్తే నిలబడ్డట్టు తల దించుకుని నిలబడింది. “నర్సులు అలా నిలబడరక్కా, తలెత్తు” అని ఆరుసార్లు చెప్పాను. ఎత్తేది, మళ్ళీ దించేది. నా తల ప్రాణం తోకకొచ్చింది. పొట్టి చేతుల చొక్కా కావడంతో మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, ఓవెన్ అంచు తగిలిన మచ్చలు అన్నీ కనబడుతున్నాయి. నా స్వెటరు తెచ్చి, ఆ మచ్చలు దాగేలా నేనే తొడిగి, నేనే గుండీలు పెట్టాను. ఫొటో కూడా నేనే నొక్కాను.

ఆ నెల రోజులూ వారం వారం పోరాను. “చెప్పావా?” అంటే “చెప్తాన్లే” అనేది. పరీక్షలంది, పిల్లకు జ్వరమంది, ఫోనులో బ్యాలెన్సు లేదంది. ఆఖరి వారం నేను అడగడం మానేశాను. అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది.

పట్టాల రోజు శనివారం. కాలేజీ వాళ్ళు యూట్యూబులో లైవు పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి మామా నిద్రపోతుంది కాబట్టి, పని ఖలాస్ అయ్యాక చూసుకోమని సూరాయమ్మకు గంట సేపు ఇచ్చింది. నన్నూ రమ్మంది సూరాయమ్మ. అర్దియాలో ఆ ఇంటి వెనక వంటిల్లు విడిగా ఉంటుంది. పన్నెండేళ్ళలో నేను అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. ఒక మనిషి లోపల కూర్చునేంత డేగిసాలు, కడిగి బోర్లించి ఉన్నాయి. ఆ వేళకే పద్నాలుగు మందికి వండి, పెట్టి, గిన్నెలన్నీ తోమేసింది. చర్చి చీర కట్టుకుని, ఫోను టమాటా పేస్టు డబ్బాకు ఆనించి, స్టూలు మీద నిటారుగా కూర్చుంది.

కెమెరా పాక గోడ మీదుగా వెళ్ళింది. వరి ఊడ్పుల్లో ఉన్న తల్లి, చేపల తట్ట దించుతున్న తల్లి, ఇటుకలు మోస్తున్న తల్లి. మున్సిపాలిటీ చీపురు పట్టుకున్న ఒకామె తలెత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. వాళ్ళ మధ్య నా స్వెటరులో తల దించుకున్న మనిషి ఒక్కతే. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కెజియా పేరు పిలిచారు. సన్నగా, పొడుగ్గా, నల్ల గౌనులో వచ్చింది. మైకు సరిచేసుకుంది.

“నేను కెజియాను. వరి ఊడ్పులు ఊడ్చిన మరియమ్మ మనవరాలిని. కువైట్ ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా రోగులకు సేవ చేస్తున్న నర్సు సూరాయమ్మ కూతుర్ని. అమ్మ ఫోనులో చెప్పిన వార్డు కబుర్లు వినే నేను నర్సునయ్యాను.”

పాక మోగిపోయింది. నేను సూరాయమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ ఏడవలేదు. తెర వైపు చూస్తూ, “ఆ చప్పట్లు నీకేనమ్మాయ్” అంది.

“అదేంటక్కా?”

“నాకు ఒక్కటి కూడా రాలేదు” అంది.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. నెల రోజులు మొత్తుకుంటే వినకుండా ఇప్పుడా ఈ మాట? ఏమనేలోపే లైవు మూసేసి కూతురికి ఫోన్ కలిపింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. వెనక గోలగోలగా ఉంది.

“అమ్మా! విన్నావా? బాగా చెప్పేనా?”

“కెజియా, నేను నర్సుని కాదే. ఇక్కడో ఇంట్లో వంట చేత్తాను. వచ్చిన కాడి నుంచీ ఇదే వంటింట్లో ఉన్నాను. పొద్దున్నే నాలుగింటికి లేచి పద్నాలుగు మందికి వండుతాను. నిన్ను చదివించింది ఈ వంటే. ఆ కబుర్లు మన క్రిస్టీనావి, నావి కాదు.”

అటువైపు గోల దూరమైంది, తలుపు మూసిన చప్పుడైంది.  తర్వాత ఏడుపు గొంతు వినబడింది.

“ఇప్పుడా చెప్పేది? నిన్న రాత్రి చెప్పినా సరిపోయేది కదమ్మా! నా ముందు పిల్ల, మా అమ్మ రోడ్లు ఊడుస్తాదని చెప్తే పాకంతా లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. నీ గురించీ అలాగే చెప్పేదాన్ని కాదా? పేరు ఒక్కసారే పిలుస్తారమ్మా. మళ్ళీ మైకు దగ్గరికి పంపరు.”