జంగమ్మ కొంగున ఫ్యూజులు

చేవెళ్ల దిక్కు రైతులంత తలా ఇంత వాటా ఏసుకొని కరెంటు సొసైటీ పెట్టుకున్న కాలం అది. గుంతలు తవ్వింది వాళ్లే, స్తంభాలు మోసింది వాళ్లే. ఇగ చూస్కో, కరెంటు పోతే ఎవ్వడాగుతడు? "మన కరెంటే గదా" అనుకుంట ఎవనికి వాడు ట్రాన్స్‌ఫార్మర్ కాడికి ఉరికి ఫ్యూజు ఏస్తుండె. లైన్‌మెన్ అంతయ్య పోలు మీద ఉన్నడా, దిగిండా అన్న ఫికరే లేకపాయె.

గట్ల ఒకపారి ఆయన చావు అంచుదాకా పోయొచ్చినంక పెండ్లాం జంగమ్మ ఊకోలే. "ఎవరేమన్న అననీ, ఫ్యూజులు నా కొంగుల ఉంటయి" అన్నది. గప్పటిసంది పోలెక్కే ముందట అంతయ్య ఫ్యూజులు గుంజి ఆమె కొంగుకు ముడేస్తుండె. ఆమె ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూసొని, చెల్క పొలం అవతల పోలు మీదున్న మొగన్ని చూసుకుంట చింతపండు గింజలు తీస్తుండె. "లైన్‌మెన్ నువ్వా, ఆయనా?" అని ఎంకపల్లి రైతులు నవ్వుతుండిరి. ఆ నవ్వినోళ్లే పోయేటప్పుడు ఆమె ఒళ్లె మక్కకంకులు పోస్తుండిరి. ఎంత మంచిగుండె ఆ దినాలు.

తర్వాత హైటెక్ జమానా వచ్చె. సొసైటీని పెద్ద కరెంటు ఆఫీసుల కలిపేసిన్రు. చెల్కలు ఫామ్‌హౌజులాయె, నడుమ నిలువెత్తు గోడలు లేసె. అంతయ్య జేబులకు సెల్‌ఫోన్ వచ్చె. "ఇగ నువ్వు రాకు. గిప్పుడంత ఫోన్ మీదనే" అన్నడు ఒకనాడు. ఆ మాట జంగమ్మకు సూది లెక్క గుచ్చుకున్నది. ఇన్నేండ్లు ఎండల కూసున్నదానికి గిదా ఫలం? అయినా మొండిగ ఎంటవడి పోయింది. ఆయన గొణుక్కుంటనే ఫ్యూజులు ముడేసిండు.

ఆ దినం కనకమామిడి కాడ ఒక ఫామ్‌హౌజు గోడ అడ్డమొచ్చి పోలు మీదున్న ఆయన కనవడుత లేడు. అండ్ల ఎవరో సాఫ్ట్‌వేర్ సారు గృహప్రవేశమట. ఆ ఫామ్‌హౌజు మేనేజరు ఉరికొచ్చిండు.

"ఫ్యూజులియ్యి అవ్వా. మీ ఆయన దిగిండంట, ఫోనొచ్చింది."

"దిగితే ఈడికే వస్తడు."

"చుట్టాలు చెమటల తడుస్తున్నరు, జర అర్థం చేసుకో."

"చెమటకు ఎవ్వరూ చావరు బిడ్డా."

మేనేజరు తన ఫోన్ ఆమె చెవికి పెట్టిండు. పని అయిపోయిందని ఎవరిదో గొంతు. నిజంగనే దిగిండేమో అని ఆమెకు అనుమానమొచ్చింది. ఐనా కొంగు పిడికిట్ల పట్టి గోడెంట నడిచింది, మేనేజరు ఎనుకనే వచ్చిండు. మలుపు తిరిగి చూస్తే అంతయ్య ఇంక పైననే ఉన్నడు, రెండు చేతుల తీగ పట్టుకొని. ఫోన్ల మాట్లాడింది పక్క లైను పనోడట, వాని పని అయిపోయిందని చెప్పిండట.

కిందికి దిగినంక సంగతి విని అంతయ్య ఆమె పక్కన మట్టిల కూసున్నడు. ఆమె కొంగు ముడిని చేతితోని తడిమి చూసిండు.

"రేపు మొయినాబాద్‌ల పనున్నది" అన్నడు. "పొద్దుగాల్నే తయారుండు."

జంగమ్మకు గప్పుడొచ్చింది ఏడుపు.