వేలెడు చేప కడుపులో గుడ్లు

మా వదిన, అంటే మా ఆయన అక్క, పోయిన నెల చనిపోయింది. తవుడు బకెట్టు పక్కన పెట్టుకుని కుంట గట్టు మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. వార్త తెచ్చిన మనిషిని నేను మొదట అడిగింది, "నీళ్లలో పడలేదు కదా" అని. అయిపోయినదానికి కూడా భయపడే బుద్ధి నాది.

మిరప చేను తడపడానికి తవ్విన కుంట అది. వదినకీ, మాకూ, మా మరిదికీ ఉమ్మడి. వదిన అందులో జిలేబి చేపలు పెంచేది. ప్రతి శనివారం పాత చీరను వలలా పట్టి చిన్న చేపపిల్లల్ని తోడేసి, అడిగినవాళ్లకు ఇచ్చి, మిగిలినవి కోళ్లకు వేసేది.

"చేపల్ని పెంచి కోళ్లకు పెడతారా ఎవరైనా?" అని మరిది ఎగతాళి చేసేవాడు.

"ఒత్తుగా నాటితే మిరపే కాయదు. చేపెట్లా పెరుగుద్దిరా?" అనేది వదిన.

ఒక ఏడు, కొంగలు తిని ఏమీ మిగల్చవేమోనని దిగులుపడి, వదినకు చెప్పకుండా రెండు బిందెల చేపపిల్లల్ని కొని కుంటలో పోశాను. నాలుగు నెలలకు వదిన ఒక చేపను కోసి నా అరచేతిలో పెట్టింది. వేలెడు లేదు. కడుపు నిండా గుడ్లు.

"నువ్వేగా పోసింది?"

తల ఊపాను.

"ఇరుకైతే దీనికి భయం. ఎదగటం మానేసి, పోయేలోపు గుడ్లన్నా పెడదామని తొందర. దీనిదీ నీలాంటి గుండే, పిచ్చిదానా."

అంతకుమించి తిట్టలేదు. ఆ శనివారం నుంచి చీర రెండో కొస నాకిచ్చింది. బడిలో నాది రెండో తరగతే. మిగతా చదువు ఆ గట్టు మీదే.

సంస్మరణ ప్రార్థన అయిన మర్నాడే మరిది ఆటోలో చేపపిల్లల డ్రమ్ములు తెచ్చాడు.

"అక్క లేదుగా. ఇంక అడ్డమెవరు?"

"నేను" అన్నాను.

"ఉరిమితే మంచం కింద దూరేదానివి, నువ్వా?"

"దూరతాను. పిల్లల్ని మాత్రం పోయనివ్వను. పోయాలంటే నన్ను తోసి పొయ్యి."

వదిన ఒరిగిన చోటే కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికొచ్చిందాకా చూసి, మరిది డ్రమ్ములు వెనక్కి తీసుకెళ్లాడు. మళ్లీ వస్తాడేమోనని రోజూ బాట వంక చూస్తూనే ఉన్నాను. రానీ.

నిన్న శనివారం. చీర ఒక కొస రాతికి కట్టి, రెండోది నేను పట్టాను. చిన్నవాటిని తోడేశాక జానెడు దాటిన చేప ఒకటి చిక్కింది. కడుపు తడిమాను. చదునుగా ఉంది. వదిలేస్తే, ఏ తొందరా లేనట్టు తోక ఆడించుకుంటూ లోతుకు పోయింది.