ఖాళీ సీటు మోగింది, బ్రేకు పడలేదు

బ్రేకులు పనిచేయని కారులో మీ పిల్లలను ఎక్కించుకుని పోతానని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా? ఊరుకోరు. అదే కారులో చనిపోయిన మనిషి ఒకడు కూర్చుని అందరినీ కాపాడుతున్నాడని చెబితే? నవ్వకండి. అలా చెబితే ఊరుకున్నవాళ్లను, పైగా చేతులు జోడించినవాళ్లను నేను చూశాను. వాళ్లు పరాయివాళ్లు కూడా కాదు.

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. దయ్యం ఉందని ఖాళీ చేసిన ఇళ్లలో పడుకుని లేచాను. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టిన ఊళ్లలో నిలబడి వాదించాను. ఇది చదివి, "చివరికి నువ్వు కూడా ఒప్పుకున్నావు కదా" అంటూ నా దగ్గరికి రావద్దు. నేను ఒప్పుకున్నది ఎంతో, ఒప్పుకోనిది ఎంతో ఇక్కడే రాస్తున్నాను.

మా చెల్లెలు సుజాతను రెంజల్ దగ్గరి ఊరికి ఇచ్చాం. ఆమె భర్త గంగాధర్ వరి, చెరకు పండిస్తాడు. మంచి రైతు. కానీ చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి. నిజామాబాదులో ఒక బ్రోకర్ దగ్గర ఎర్రటి స్పోర్ట్స్ కారు చూశాడు. రెండు తలుపులు, వెనక పిల్లలు మాత్రమే పట్టే రెండు చిన్న సీట్లు. కొత్త ట్రాక్టరు ధరకే వస్తుందంటే ఇంకేమీ అడగకుండా కొనేశాడు.

ఆ కారు మన రోడ్ల కోసం పుట్టలేదు. ఊళ్లోకి వచ్చిన వారంలోనే స్పీడ్ బ్రేకరు తగిలి ఇంజన్ కింద ఆయిల్ కారడం మొదలైంది. తర్వాత క్లచ్ పోయింది. పలచటి టైర్లు గుంతల్లో పడి పక్కల నుంచి చీలాయి. ప్రతి సామాను హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఒక్క క్లచ్ పనికి అయిన ఖర్చుతో మామూలు కారును రెండేళ్లు నడపవచ్చు. పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లెవరికైనా ఇది తెలిసిన కథే. అమ్మేవాడు తుడిచి, పాలిష్ పెట్టి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైట్లు వెలగకుండా చేసి అప్పగిస్తాడు. లోపల అరిగింది అరిగినట్టే ఉంటుంది.

గంగాధర్ బ్రోకర్ దగ్గరికి పోయి అడిగాడు. వాడు చెప్పిన జవాబు వినండి. "బండిల ఏం లేదన్న, నజర్ తాకింది. ఎర్ర బండి గదా, ఊరంతా సూస్తది." అంతటితో ఆగలేదు. మొదటి ఓనరు చనిపోయాడని, పాపం ఆయనకు ఈ కారంటే ప్రాణమని గొంతు తగ్గించి చెప్పాడు. ఎంత తెలివి! క్లచ్ అరిగితే బ్రోకర్‌ను నిలదీయవచ్చు. దయ్యం పడితే ఎవరిని నిలదీస్తారు?

ఆ మాట పట్టుకుని గంగాధర్ ఒక మంత్రాల మనిషిని ఇంటికి తెచ్చాడు. చనిపోయిన ఓనరు కారు వదిలిపోలేక డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటున్నాడని అతను తేల్చాడు. దానికి సాక్ష్యం కూడా దొరికింది. ఆ సీటు ఖాళీగా ఉన్నా, బెల్టు పెట్టుకోమని గంట మోగేది.

అందులో వింతేమీ లేదని ఫోనులో చెప్పాను. సీటు కింద బరువు పసిగట్టే సెన్సర్ ఉంటుంది, పాతబడితే, తడి తగిలితే, ఎవరూ లేకున్నా ఉన్నారనుకుంటుంది అన్నాను. గంగాధర్ సరే సరే అన్నాడు. అని, మంత్రాల మనిషి చెప్పినట్టే కందకుర్తి దగ్గరి గోదావరి సంగమం నుంచి డబ్బాలో నీళ్లు తెచ్చాడు. రేడియేటరులో ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మొత్తం తీసి పారబోసి, ఆ నీళ్లు పోశాడు. కారుకు స్నానం చేయించినట్టు లోపలికి కూడా పుణ్యజలం ఎక్కించాలట! ఒండ్రు నీళ్లతో ఇంజన్ పొయ్యిలా కాగింది. ఆ పూజకైన ఖర్చు వింటే మీకూ నాలాగే ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేనే వాళ్ల ఊరికి పోయాను. కారు నిజామాబాద్ తీసుకుపోయి చూపిస్తానన్నాను. బ్రేకు ఇంటి ముందు వేసి చూశాను, పట్టింది. బోధన్‌లో ఆగి ఆ నీళ్లు తీయించి కూలెంట్ పోయించాను. అక్కడి ఎలక్ట్రీషియన్ చేత, నా కళ్ల ముందే, ఆ సీటు కింది సెన్సర్ ప్లగ్ ఊడదీయించాను. రెండు కొసలకూ విడివిడిగా నల్ల టేపు చుట్టించాను. గంట ఆగిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం పూట. కారులో నేనొక్కడినే. మత్తు లేదు, నిద్ర లేదు, భయం అసలే లేదు. ఎడపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే కొంచెం వేగంగానే పోతున్నాను.

గంట మోగింది.

డాష్‌బోర్డు మీద బెల్టు బొమ్మ ఎర్రగా వెలిగింది. నాకు భయం కాదు, చిరాకు వేసింది. ప్లగ్ సరిగ్గా తీయలేదేమోనని ఎలక్ట్రీషియన్‌ను తిట్టుకుంటూ, సీటు వైపు చూద్దామని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. కారు నెమ్మదించింది. సీటు మీద ఏమీ లేదు. నా సంచి కూడా వెనకే ఉంది.

తలెత్తేసరికి మలుపు. మలుపులో చెరకు ట్రాలీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా కూర్చుంది. ఆడవాళ్లు, మగవాళ్లు కింద పడిన చెరకు ఏరుతున్నారు. బ్రేకు తొక్కాను. పెడల్ నేల దాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు.

గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమకు తిప్పి కారును చెరకు తోటలోకి తోశాను. ఆగింది. అంతకుముందున్న వేగంతోనే వచ్చి ఉంటే ఆ మనుషుల మీదికే పోయేవాణ్ణి. ట్రాక్టరు డ్రైవరు వచ్చి కిటికీలోంచి చూసి, "పట్టపగలు నిద్రపోతున్నవా అన్న? గీ బండికి బ్రేకు వేరే కొనుక్కోవాల్నా?" అన్నాడు.

కారును వేరే బండి మీద ఎక్కించి నిజామాబాదులో నాకు తెలిసిన మెకానిక్ యూసుఫ్ గ్యారేజీకి చేర్చాం. యూసుఫ్ చక్రం విప్పి చూపించాడు. ముందు బ్రేకు గొట్టం పగిలి, ఆయిల్ అంతా పోయింది. ఆ పగులు కొత్తది కాదు. ఎవరో పైన రబ్బరు పట్టీ చుట్టి, నల్ల రంగు పూసి కప్పేశారు. అమ్మకానికి ముందు చేసిన పని అది. మనుషుల ప్రాణాల మీద రంగు పూశారు!

బ్రేకు ఆయిల్ తగ్గినందుకే గంట మోగిందేమో అన్నాను. యూసుఫ్ అదీ చూశాడు. ఆ హెచ్చరిక వైరు ఎప్పుడో తెగిపోయి ఉంది. అయినా నేను చూసింది బెల్టు బొమ్మ. తర్వాత యూసుఫ్ సీటు కింద చెయ్యి పెట్టి, టార్చి వేసి, లేచి రెండడుగులు వెనక్కి పోయాడు. ప్లగ్ ఊడే ఉంది. రెండు కొసలకూ టేపు చుట్టినట్టే ఉంది.

అది నేనూ వంగి చూశాను.

యూసుఫ్ ఈ మాట గంగాధర్‌కు ఫోనులో చెప్పాడు. మర్నాడు గంగాధర్ గ్యారేజీకి కొబ్బరికాయతో, పూలదండతో వచ్చాడు, వెంట సుజాత. సీటుకు బొట్టు పెట్టాడు. బ్రేకులు మార్చొద్దన్నాడు. బండిని విప్పితే లోపలున్నాయన వెళ్లిపోతాడని మంత్రాల మనిషి చెప్పాడట. పగిలిన గొట్టానికే పట్టీ వేసి ఇస్తే చాలట. శుక్రవారం పిల్లలను ఎక్కించుకుని బాసర పోతాడట.

"నిన్ను కాపాడిండు బావ. మమ్ముల కాపాడడా?" అన్నాడు.

నేను అరిచాను. వాదించాను. పాతికేళ్లుగా నేర్చిన తర్కమంతా వాడాను. నా తర్కానికి నా అనుభవమే అడ్డం నిలబడింది. ప్రతి మాటకూ అతను ఆ టేపు చుట్టిన ప్లగ్ చూపించాడు.

సుజాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, దండ వేసిన సీటు చూసి భర్తతో అంది: "ఆయన మంచోడే కావచ్చు. గని గంట కొట్టుడే గదా ఆయనకొచ్చేది? బ్రేకు తొక్కెటోనివి నువ్వే. బ్రేకు లేకుంటె నా పిల్లల్ని ఎక్కియ్య."

గంగాధర్ యూసుఫ్‌తో, గొట్టాలు, డిస్కులు అన్నీ కొత్తవి వేయమన్నాడు. ధర కూడా అడగలేదు. దండ మాత్రం తీయనివ్వలేదు.

తర్వాత నేను బ్రోకర్ దగ్గరికి పోయాను. రంగు పూసిన గొట్టం వాడి బల్ల మీద పడేశాను. వాడు నవ్వాడు. "బతికినవ్ గదా సార్. ఇంకేం గావాలె?"

ఇదీ మన దేశంలో దయ్యాలు చేసే అసలు పని. దొంగను దాచిపెడతాయి.

ఆ గంట ఎందుకు మోగిందో నాకు తెలియదు. వైర్లు తెలిసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను, వాళ్లు చెప్పిన కారణాలేవీ ఆ ప్లగ్‌కు సరిపోలేదు. నా కంగారు నా జ్ఞాపకాన్ని మార్చిందా అని కూడా అనుమానించుకున్నాను. కానీ గంట మోగినప్పుడు నాకు కంగారు లేదు. ఒక్కడి సాక్ష్యాన్ని నేనెప్పుడూ ఒప్పుకోలేదు, నాదైనా సరే. కాబట్టి తెలియదు అనే అంటున్నాను. తెలియదు అంటే దయ్యం అని కాదు, తెలియదు అనే.

గొట్టం ఎందుకు పగిలిందో మాత్రం నాకు తెలుసు. దాన్ని ఎవరు కప్పారో తెలుసు.

పాత కారు కొన్నారా? కొనబోతున్నారా? అమ్మేవాడి మనిషికి కాదు, మీ సొంత మెకానిక్‌కు చూపించండి. చక్రాలు విప్పించండి. బ్రేకు గొట్టాలను పైనున్న పట్టీ, రంగు గోకించి, వంగి, మీ కళ్లతో చూడండి. అది అయ్యేదాకా మీ పిల్లలను ఆ కారు ఎక్కించకండి.