రెల్లుపూత గడియారం

న్యూ సెటిల్‌మెంటు రైల్వే కాలనీ గుడి అరుగుమీద పగలంతా కూర్చుండే ఆ విశ్రాంత ఫిట్టరును తలచుకొన్నప్పుడు, నాకు ముందుగా స్ఫురించేది ఆయన ఎడమ మణికట్టు. మేనల్లుడు జపాను నుండి తెచ్చిన విలువైన గడియారం దానిపై ఉండేది. బ్యాటరీ లేని ఆ యంత్రానికి ప్రతి ఉదయమూ సంధ్యావందనమంత శ్రద్ధతో కీ ఇచ్చేవాడు. దాని తెల్లని ముఖంమీది సన్నని గీతలు మంచు కప్పిన అడవిని తలపించేవి.

"మంచు అంటాడు మా మేనల్లుడు. నాకైతే మన రైలు లైను పక్క రెల్లుపూతే మేస్టారూ" అనేవాడు.

పక్కన ఎప్పుడూ టిఫిను కేరేజీ. ఒకనాడు పరిహసించాను: "ఉద్యోగం వదిలింది గాని కేరేజీ వదల్లేదే!"

"నాను రిటైరైనట్టు మా ఇంటిదానికి గుర్తు లేదండి. మతిమరపు జబ్బు. పొద్దున్నే కేరేజీ కట్టి డ్యూటీకి తోలేత్తాది. డ్యూటీ దిగే వేళకి గుమ్మంలో కనబడకపోతే ఏడుత్తాది. ముందెళ్తే ఏటైపోనాదోనని హడలిపోతాది."

సాయంకాలం గడియారం చూసుకొని, మోకాళ్లు పట్టుకొని లేచేవాడు. ఆ లేవడంలో దినమంతా ఇనుముతో పెనగులాడినవాని బడలిక నిజంగానే ఉండేది.

మొన్నటి శరత్తులో ఆమె గతించింది. కర్మలు ముగిసిన పిదప ఆయన మళ్లీ అరుగెక్కాడు, కేరేజీ లేకుండా. పొద్దు వాలినా కదలలేదు. మణికట్టు వంక చూశాను. ముళ్లు మధ్యాహ్నం దగ్గరే నిలిచి ఉన్నాయి.

"కీ ఇవ్వలేదా?" అని అడిగాను.

ఆయన ఆ రెల్లుపూతను బొటనవేలితో మెల్లగా తుడిచాడు.

"ఇస్తే నడుత్తాది మేస్టారూ. అది నడిస్తే నాను ఇంటికెళ్లాల గదా."